ఎవరి గుట్ట వారిదే

ఈరోజు పొద్దున హిందూపురం రైల్వే గేటు దగ్గర నా బండికి ముందు ఒక లగేజీ ఆటో ఆగింది. నిండా చింతపండు బస్తాలు. ఎండలు ముదరకముందే కొత్త చింతపండు మా ఊరి మార్కెట్లోకి దిగుతుంది. పుల్లగా, తీయగా, కొంచెం మట్టి కలిసినట్టుండే ఆ వాసన కొన్నాళ్లపాటు వీధులన్నీ తిరుగుతుంది. అది తగిలితే మామూలు మనిషికి నోట్లో నీళ్లూరతాయి. నాకు మాత్రం గుండెలో రాయి పడుతుంది. ఎక్కడో ఒకరి చీర ఇంకొకరి ఫోన్లో కనిపిస్తున్నట్టు, నేను పరుగెత్తుకెళ్లి ఆపాల్సినట్టు అనిపిస్తుంది. ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. గేటు తెరిచేదాకా ఆటో వెనకాల నిలబడి ఆ వాసన పీలుస్తూ వనజక్కను తలచుకున్నాను.

వనజక్క నాకు అక్క కాదు, బంధువూ కాదు. నా మొదటి ఉద్యోగంలో యజమాని. ‘మేడం’ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసి, “ఎవురప్పా వచ్చింది?” అని అడిగేది. అందుకని అందరికీ అక్కే. పూర్వం ఆమె బెంగళూరులో పెద్ద కంపెనీలో పనిచేస్తూ హిందూపురం నుంచి రోజూ రైల్లో వెళ్లి వచ్చేది. “ఆఫీసులో కూసున్నదాని కంటే రైల్లో నిలబడిందే ఎక్కువ. ఏ కంపెనీలో పనిచేస్తాండావని అడిగితే రైల్వేలో అని చెప్పబుద్ధయ్యేది” అనేది. ఒకనాడు ఆ రైలు ఎక్కడం మానేసి, అక్కడ చేసే పని ఇక్కడెందుకు చేయకూడదని మార్కెట్ పక్కన చింతపండు గోడౌన్ మీద ఒక గది తీసుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ అని బోర్డు కూడా పెట్టింది. కింద గోడౌన్‌వాళ్ల బోర్డు అంతకంటే పెద్దది కావడంతో మేం కంప్యూటర్లో చింతపండు అమ్ముతామని ఊరు అనుకునేది. వనజక్క వాళ్లమ్మ కూడా అలాగే అనుకుని, ఇంటికి రొంత మంచి పండు పంపమని అడిగిందట. ఎవరూ నమ్మకపోవడంతో ఆ గది ఆమెకు పంతంగా మారింది. “ఈ మెట్లు దిగి మళ్లా ఆ రైలెక్కినానంటే నా పేరు మార్చి పిలువు” అనేది. పేరు మార్చి పిలిచే ధైర్యం నాకు ఎలాగూ లేదు కాబట్టి, ఆ రైలు ఆమె ఎక్కకూడదని నేనూ కోరుకునేవాణ్ణి.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న తీరు చెబితే ఆమె కొంత అర్థమవుతుంది. నేను ఇంజనీరింగ్ పట్టా పట్టుకుని, పట్టు చొక్కా లాంటిది ఒకటి తొడుక్కుని వెళ్లాను. ఎదురుగా కూర్చోబెట్టి, “మీ ఇంట్లో తువ్వాల ఎంతమందికి ఒకటప్పా?” అని అడిగింది. పుస్తకాలన్నీ తిరగేసుకొచ్చిన నాకు ఈ ప్రశ్న ఏ పాఠంలోదో తెలియలేదు.

“నాది నాకుందక్కా.”

“పుణ్యాత్ముడివి. మా ఇంట్లో అయితే...” అంటుండగా ఫోన్ వచ్చింది. ఆమె మాట్లాడుతూ మెట్లు దిగి వెళ్లిపోయింది. కింద గోడౌన్‌వాళ్లతో ఏదో గొడవ వినబడింది. తర్వాత పైకి వచ్చి ఇంకో ఫోన్ మాట్లాడింది. డబ్బా విప్పి అన్నం తిన్నది, నాకూ పెట్టింది. నా ఇంటర్వ్యూ అయిపోయిందో, మొదలుకాలేదో అడగడానికి మొహమాటపడి నేను మజ్జిగన్నం దాకా వచ్చేశాను. చేయి కడుక్కుని కూర్చుని ఆమె అంది: “...ఇల్లంతటికీ ఒకటే తువ్వాల. అందుకని అడిగినా. సోమవారం నుంచి వస్తావా?”

ఆగిన మాటను ఆగిన చోటు నుంచే అందుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఎవరితో ఎక్కడ ఆగిందో, ఏ మాట మధ్యలో ఆగిందో, వారాలు గడిచినా మరిచేది కాదు. ఆమె తలలో ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క మూట కట్టి ఉండేది. మనిషి కనబడగానే ఆ మూట విప్పేది. ఒకరి మూటలోది పొరపాటున కూడా ఇంకొకరి ముందు పడేది కాదు. అలాంటి మనిషి చేతిలోనే ఊరందరి మూటలూ కలిసిపోవడం ఈ కథ.

తువ్వాలు సంగతి కూడా చెప్పాలి. ఆమెది పెనుకొండలో అందరూ ఒకే పొయ్యి మీద తినే పెద్ద ఇల్లు. ఒక అద్దం, ఒక దువ్వెన, తడి ఆరని ఒక తువ్వాలు. “నాది అనే మాట బడికి పోయినాకే నేర్చుకున్యా. అది గూడా పలకను ఎవురో ఎత్తుకపోతే” అనేది. ఆఫీసులోనూ అదే పద్ధతి. ఆమె, నేను, నాతోపాటు పనిచేసే చాంద్ బాషా ముగ్గురమూ ఒకే పళ్లెంలో మరమరాల ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లం. ఛార్జరు ఒకటే. పని పూర్తయితే దాన్ని పరీక్షించడానికి ఆమె ల్యాప్‌టాప్ చుట్టూ ముగ్గురమూ చేరేవాళ్లం. ఒకరు నొక్కితే ఇద్దరు చూసి, “ఆ, వచ్చింది” అనేవాళ్లం. ముగ్గురు చూశారు కాబట్టి మూడు రెట్లు గట్టిగా ఉందని మా నమ్మకం. ముగ్గురూ చూసింది ఒకే తెరను అన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

అప్పుడు మాకు దొరికిన పెద్ద పని ధర్మవరం కుళ్లాయప్పది. పట్టుచీరల అంగడి ఆయనది. ఆయన అంగట్లో పరుపుల మీద కూర్చున్న ప్రతి కుటుంబం ముందూ చీరలు విప్పి వేస్తారు. నచ్చినవి పక్కన పెడితే అది వాళ్ల గుట్ట. వాళ్లు భోజనానికి వెళితే ఆ గుట్టను పంచెగుడ్డలో మూట కట్టి, పైన ఆ ఇంటివాళ్ల వస్తువు ఏదో ఒకటి, చేతిరుమాలో, పిల్ల జడ రిబ్బనో, గుర్తుగా ముడేసి అరలో పెడతారు. తిరిగొచ్చాక రిబ్బన్ చూసి మూట అందుకుంటారు. ఇదంతా ఇంట్లో కూర్చుని ఫోన్లో చేసుకునేలా సైటు కావాలని కుళ్లాయప్ప కోరాడు. ఇది నిలబడితే మిగతా అంగళ్లవాళ్లూ మమ్మల్ని పిలుస్తారు. నిలబడకపోతే వనజక్క మెట్లు దిగి రైలెక్కాలి. మధ్యలో ఇంకో దారి లేదని ఆమే చెప్పింది.

మేం వాడే పద్ధతిలో పేజీని చిన్న చిన్న ముక్కలుగా కడతారు. చీర బొమ్మ చూపేది ఒక ముక్క, రంగులు చూపేది ఒకటి, గుట్టను చూపేది ఇంకొకటి. వీటిని కాంపొనెంట్లు అంటారు. మనిషి పక్క పేజీకి వెళ్లగానే ఈ ముక్కల్ని పీకి పారేసి, తిరిగొస్తే కొత్తవి కడతారు. పాత ముక్క జేబులో ఏమున్నా దాంతోపాటే పోతుంది. నేను కుళ్లాయప్ప గుట్టను ఆ జేబులోనే పెట్టాను. ఆయన మొదటిసారి చూసి ఫోన్ చేశాడు.

“ఏమప్పా, పక్కకు తిరిగి చూసేలోగా చీరలు మాయమైపాయ! మా అంగట్లో ఇట్ల జరిగితే పోలీసుల్ని పిలుస్తాం. మీ ఊర్లో ఏం చేస్తారు?”

మా ఊళ్లో వనజక్కను పిలుస్తాం. ఆమె నా పక్కన కూర్చుని, “వాడుకునేవాళ్ల స్టేట్ కాపాడల్లప్పా” అంది. స్టేట్ అంటే ఎవరు ఏం ఎంచుకున్నారో, ఎక్కడిదాకా వచ్చారో ఆ స్థితి అంతా. నాకు మాత్రం స్టేట్ అంటే చిలమత్తూరు దాటి కర్ణాటకలో అడుగుపెట్టగానే మారిపోయేదే. అంత తేలిగ్గా మారేదాన్ని నేనెలా కాపాడను? ఆమే కాపాడింది. గుట్టను ముక్క జేబులోంచి తీసి, పేజీలు మారినా చెక్కుచెదరని ఒక ఉమ్మడి చోట పెట్టింది. సైటు మొత్తానికి అలాంటిది ఒకటే ఉంటుంది. దాన్ని సింగిల్టన్ అంటారు. పేరుకే సింగిల్, కాపురం ఊరందరితో. ముగ్గురం ల్యాప్‌టాప్ చుట్టూ చేరి, బజ్జీలు తింటూ, చీరలు పక్కన పెట్టి, పేజీలు తిప్పి చూశాం. గుట్ట కదల్లేదు. “కొండ మాదిరి నిలబడింది సూడు” అంది వనజక్క. పెనుకొండ మనిషి గుట్టను కొండ అనడంలో వింత లేదని నేనూ నవ్వాను.

సైటు తెరిచాక కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. ఒకరు చూసి వెళ్లాక ఇంకొకరు వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు తమ గుట్ట ఖాళీ చేసి వెళ్లేవాళ్లు. తర్వాత పెళ్లిళ్ల కాలం వచ్చింది. ఒక పొద్దున కుళ్లాయప్ప ఫోన్ చేశాడు. వనజక్క స్పీకర్ పెట్టింది.

“అమ్మా వనజమ్మా, దేవుడు నాకు రెండే చెవులిచ్చినాడు. ఒగ దాంట్లో హిందూపురం ఉండాది, ఒగ దాంట్లో పెనుకొండ ఉండాది. నేను నీతో యా చెవితో మాట్లాడల్ల?”

మెల్లగా విషయం బయటికొచ్చింది. హిందూపురం గౌరమ్మ కొడుక్కూ పెనుకొండ సుశీలమ్మ కూతురికీ పెళ్లి కుదిరింది. మగపెళ్లివారు పెళ్లికూతురికి తలంబ్రాల చీర, ఆమె వైపు ఆడవాళ్లకు పెట్టే చీరలు తీస్తారు. ఆడపెళ్లివారు గౌరమ్మకూ ఆమె వైపు వాళ్లకూ తీస్తారు. ఎవరు ఎవరికి ఏం తీస్తున్నారో ఇచ్చేదాకా తెలియకపోవడంలోనే మర్యాద ఉంది. ఇద్దరూ తమ తమ ఇళ్లలో ఒకే పొద్దున ఫోన్లు ముందేసుకుని కూర్చున్నారు. గౌరమ్మ కోడలి కోసం వంకాయరంగు పట్టుచీర పక్కన పెట్టింది. అది సుశీలమ్మ ఫోన్లో ప్రత్యక్షమైంది. తను పెట్టని చీర ఎందుకొచ్చిందని ఆమె తీసేసింది. గౌరమ్మ మళ్లీ పెట్టింది. ఆమె మళ్లీ తీసింది. ఇలా ఆ చీర ఆ కాస్త సేపట్లోనే హిందూపురానికీ పెనుకొండకూ మధ్య ఏ బస్సూ తిరగనన్ని సార్లు తిరిగింది. చివరికి సుశీలమ్మ ఫోన్ చేసి అడిగితే, గౌరమ్మ గోడు అప్పటికే ఫోన్లో విన్న అంగడి మనిషి ఎవరో అమాయకంగా, “ఆ చీరలు హిందూపురం గౌరమ్మవే కదమ్మా” అని చెప్పేశారు. దాంతో ఒకామె, ‘నేను ఎంచిన చీర నా కోడలికి వద్దని తీసేస్తుందా’ అంది. ఇంకొకామె, ‘నా ఫోన్లోకి దూరి నేనేం తీస్తున్నానో చూస్తుందా’ అంది. ఇద్దరూ తేల్చుకోవడానికి ధర్మవరం బయలుదేరుతున్నారు.

“ఈ పెండ్లి నిలబడకపోతే నీ సైటు నిలబడదు తల్లీ” అన్నాడు కుళ్లాయప్ప. “ఈ బజార్లో నిన్ను ఇంగెవురూ పిలవరు. పొద్దుమునిగేలోగా ఏదో ఒగటి చెయ్యి.”

వనజక్క ఫోన్ పెట్టేసి ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపింది. తర్వాత చాంద్‌ను తన ఫోన్లో, నన్ను నా ఫోన్లో సైటు తెరవమంది. మేమిద్దరం వేర్వేరు తెరలు చూడటం అదే మొదటిసారి. నేను ఒక చిలకపచ్చ చీర పక్కన పెట్టాను. చాంద్ తన ఫోన్ చూసి, “నాకు పచ్చ చీర ఎందుకొచ్చిందక్కా?” అన్నాడు. గదిలో చింతపండు వాసన తప్ప ఇంకేమీ కదల్లేదు.

“నేనే పెట్టినానప్పా, అందర్నీ ఒకే ఇంట్లో” అంది వనజక్క. నవ్వబోయి, పెదవి కొరుక్కుంది.

సరిచేయడం పెద్ద పని కాదు. ఒక మనిషి సైటులోకి వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా, ఇది ఆ మనిషే అని సర్వర్ గుర్తుంచుకునే వ్యవధిని సెషన్ అంటారు. మనిషి ఫోన్ ఒక గుర్తును మోసుకొస్తుంది, కుళ్లాయప్ప మూట మీది రిబ్బన్ లాగా. వనజక్క గుట్టను ఉమ్మడి చోటు నుంచి తీసి ఎవరి సెషన్‌కు వారి గుట్ట కట్టింది. ఆ మనిషే రేపు ఇంకో ఫోన్లోంచి వస్తే వెతుక్కోకుండా, ఆ గుట్టను వాళ్ల పేరు మీద కూడా దాచింది. ఇద్దరం వేర్వేరు ఫోన్లలో చూశాం. చాంద్‌కు పచ్చ చీర రాలేదు. నేను అన్నాను, “అయిపోయింది కదక్కా, ఫోన్ చేసి చెబుదాం.”

“చీరలు విడిపోయినాయి. మనుషులు కలిసినారా? పద, రైలుంది” అంది. రైలన్న మాట ఆమె నోట చాన్నాళ్లకు విన్నాను. ఇది బెంగళూరు వైపు వెళ్లేది కాకపోవడం ఒక్కటే ధైర్యం.

ఆ రైలు పెనుకొండలో ఆగింది. బిస్కెట్‌రంగు పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దామె ఎక్కి, మా ఎదురుగా కూర్చుని, మాకూ ఆమెకూ మధ్య టిఫిన్ డబ్బా పెట్టి, “తీసుకోండి, ఓళిగలు” అని మూత తీసింది. మేం తీసుకోగానే, తిన్నవాళ్లు వినాలి కాబట్టి, మొదలుపెట్టింది.

“సూడు పాపా కాలమెట్లుండాదో. కాబోయే వియ్యపురాలు హిందూపురంలో కూసోని నా ఫోన్లోకి చెయ్యి పెడతాంది. నేను తీస్తాంటే ఆమె పెడతాంది. ఇట్లాటి ఇంటికి బిడ్డనెట్ల పంపేది?”

నా ఓళిగ, అదే బొబ్బట్టు, గొంతులో ఆగింది. కిటికీలోంచి బయటికి చూస్తే అక్కడ సహాయపడేదేమీ కనిపించలేదు.

“మీది పెనుకొండలో యాడత్తా?” అంది వనజక్క మెల్లగా.

“కోట వెనక వీధి. నువ్వెవురి పాపవు?”

“బియ్యం అంగడి నారాయణప్ప కూతుర్ని.”

“ఓ, ఆ ఇంటి పాపవా! స్నానానికి పోతే తువ్వాల కోసం వీధిలోకి వినపడేటట్టు అరుస్తాండిరే, ఆ ఇల్లే కదా!” అని సుశీలమ్మ మనసారా నవ్వింది. ఆ నవ్వు ముగిసేదాకా ఆగి వనజక్క అంది:

“ఆ ఇల్లే అత్తా. ఆ తువ్వాల బుద్ధి నాకింకా పోలేదు. మీ ఫోన్లో ఎవురూ చెయ్యి పెట్టలేదు. ఆ సైటు కట్టింది నేనే. అందరి చీరలూ ఒకే మూటలో కట్టేసినా. ఆమె పెట్టింది మీకు కనపడె, మీరు తీసింది ఆమెకు పోయె. ఆమె తప్పు లేదు.”

సుశీలమ్మ మా మధ్య ఉన్న టిఫిన్ డబ్బాకు మూత పెట్టి, తీసి తన అవతలి పక్కన పెట్టుకుంది. ధర్మవరం వచ్చేదాకా అది అటే ఉంది. నేను చాలా తిట్లు తిన్నాను గానీ ఒక టిఫిన్ డబ్బా అంత గట్టిగా తిట్టగలదని ఆ రోజే తెలిసింది.

అంగట్లో గౌరమ్మ అప్పటికే వచ్చి ఒక పరుపు మీద కూర్చుని ఉంది. సుశీలమ్మ వెళ్లి ఇంకో పరుపు మీద, గోడ వైపు తిరిగి కూర్చుంది. కుళ్లాయప్ప మమ్మల్ని గుమ్మం దగ్గరే పట్టుకుని, “వైరస్ అని చెప్పమ్మా. జ్వరమొచ్చినా వైరసే, ఫోనుకొచ్చినా వైరసే. ఎవురూ ఎదురడగరు” అని చెవిలో చెప్పాడు. వనజక్క ఆయన్ను దాటి వెళ్లి, ఇద్దరి ముందూ ఉన్న చీరల్లోంచి కొన్ని కొన్ని తీసి, రెండూ కలిపి ఒకే పంచెగుడ్డలో మూట కట్టింది. పైన ఏ గుర్తూ పెట్టలేదు.

“నేను చేసింది ఇదీ. గుర్తు పెట్టకుండా మూట కట్టినా. ఆమె దీంట్లో చెయ్యి పెడితే మీ చీర తగిలె, మీరు పెడితే ఆమెది తగిలె. మీరిద్దరూ తగువులాడాల్సింది నాతో.”

తర్వాత మూట విప్పి, వేర్వేరుగా రెండు కట్టి, ఇద్దరి ఫోన్లూ తెరిపించింది. గౌరమ్మ ఒక చీర పక్కన పెట్టింది. సుశీలమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగి తన ఫోన్ చూసుకుంది. ఏమీ రాలేదు. కుళ్లాయప్ప అంతసేపూ ఆపుకున్న ఊపిరి వదిలాడు.

గౌరమ్మ పుట్టిల్లు మడకశిర. కోపం వస్తే ఆమె మాటల్లో కన్నడం తొంగిచూస్తుంది. “అంటే పొద్దట్నుంచి నా గుట్టంతా వదిన చూసిందా?” అంది.

“చూసిందత్తా.”

“నాది ఆమె చూసిందా?” అంది సుశీలమ్మ.

“చూసిందత్తా.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇక అయిపోయింది, పెళ్లి, సైటు, మా గది అన్నీ ఈ పరుపుల మీదే పోయాయి అనుకున్నాను. వాళ్లిద్దరూ ఒకేసారి వనజక్క వైపు తిరిగారు.

“సుమ్నే కూర్చున్నవాళ్ల మధ్య నిప్పు పెడతావా నువ్వు?” అంది గౌరమ్మ.

“అడుగు వదినా, బాగా అడుగు. సదువుకున్న పాప చేసే పనేనా ఇది?” అంది సుశీలమ్మ.

“మా దుడ్లు మేం పెట్టుకోని మేం తగువులాడల్లా?”

“నేనైతే పెండ్లే వద్దంటి వదినా!”

“నేను అనలేదా వదినా!”

ఆ పొద్దున తెగిపోయిన వదినలు తిట్లలో కలిశారు. ఒకరు ఊపిరి తీసుకుంటే ఇంకొకరు అందుకున్నారు. వనజక్క తల వంచుకుని అన్నీ పడింది. అడ్డుపడదామని నేను ముందుకు కదిలితే నా చొక్కా పట్టి ఆపి, “గమ్మునుండు, ఇప్పుడే కనెక్షన్ దొరికింది” అని గొణిగింది.

తిట్లు తగ్గాక సుశీలమ్మ నెమ్మదిగా అడిగింది. “వదినా, ఆ వంకాయరంగు చీర ఎవురికి?”

“ఇంగెవురికి, మీ పాపకే. తలంబ్రాలకు. అది కానీ ఎన్నిసార్లు తీసేస్తివో!”

“నాది కాదనుకుంటి. అదీగాక మా పాపకు ఆ రంగు సరిపడదు వదినా. బడిలో యూనిఫారం అదే రంగు. చూస్తే చాలు, లెక్కల పరీక్ష గ్యాపకమొచ్చి కండ్లల్లో నీళ్లు పెట్టుకుంటాది.”

గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో శివనే! పీటల మింద ఏడిస్తే మావాణ్ణి చూసి ఏడ్చిందనుకుందుము కదా!”

అంగడంతా నవ్వింది. కుళ్లాయప్ప అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులోనే సుశీలమ్మ ఇంకో ప్రశ్న వేసింది. “మరి ఆ పల్చటి చీరలు మా ఆడబిడ్డలకా వదినా?” గౌరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, “ఛ ఛ, అవి మా ఆడబిడ్డలకు” అంది. అది నిజమో కాదో ఆ గుట్టకే తెలియాలి. గుట్ట బయటపడింది గానీ గుట్టు బయటపడలేదు.

లేవబోతూ గౌరమ్మ అడిగింది, “ఏమ్మా, మేమిద్దరం సరేనంటే ఆ తలంబ్రాల చీర ఒగటి మటుకు కలిపి చూపిస్తావా? మిగతావి ఎవురివి వాళ్లవే.” నేను ఉత్సాహంగా, “ఓ, అదెంతసేపు!” అనబోయాను. వనజక్క నా కాలు తొక్కింది.

“చేస్తా అత్తా. ఇప్పుడు కాదు. వేరుగా పెట్టింది నాలుగు దినాలు వేరుగా నిలబడనీ. అప్పుడు మీరిద్దరూ ఒప్పుకున్నదొకటే కలుపుతా.”

తిరుగు రైల్లో పెనుకొండ దాటాక ఆమె అంది: “కలిపి ఉంచేది నాకెవురూ నేర్పలేదప్పా, పుట్టడమే అట్ల పుట్టినా. వేరుగా ఉంచేది నేర్చుకోను ఇంత దూరం రావల్సొచ్చె.” నేను, “ఓళిగలు బాగున్నాయక్కా” అన్నాను. ఆ రైలు హిందూపురం మీదుగా బెంగళూరుకే వెళుతుంది. మా స్టేషన్ ఇంకా రాకముందే ఆమె లేచి తలుపు దగ్గర నిలబడింది. ఎన్నో ఏళ్లు అదే రైలు మార్గంలో నిలబడి వెళ్లిన మనిషి, హిందూపురంలో అందరికంటే ముందు దిగి, వెనక్కి తిరిగి చూడకుండా, “రేపు జల్ది రా” అని వెళ్లిపోయింది. పెళ్లి జరిగింది. తలంబ్రాల చీర మామిడిపండు రంగుది. ఆ తర్వాత ధర్మవరం అంగళ్లు ఒక్కొక్కటే మమ్మల్ని పిలిచాయి. వియ్యపురాళ్లు అడిగిన ఉమ్మడి గుట్ట కోసమే కొందరు పిలిచారు.

మా ఆఫీసులో పరీక్ష పద్ధతి మారిపోయింది. ల్యాప్‌టాప్ చుట్టూ చేరడం నిషేధం. వేర్వేరు ఫోన్లు ఉండాలి, అవి పట్టుకున్నవాళ్లకు ఒకరంటే ఒకరికి పడకూడదు. స్నేహితులు తప్పుల్ని సర్దుకుపోతారని ఆమె సిద్ధాంతం. అందుకని కింది గోడౌన్ యజమానినీ, ఆయన బస్తాలు తన బండికి అడ్డమని రోజూ పోట్లాడే టీ అంగడి ఆయన్నీ పైకి పిలిచి చెరొక ఫోన్ ఇచ్చేది. “నా దాంట్లో వీని చీర కనపడిందంటే ఊరుకోను” అని ఇద్దరూ కళ్లు పెద్దవి చేసుకుని వెతికేవాళ్లు. అంత శ్రద్ధగా పరీక్షించేవాళ్లు బెంగళూరులో కూడా దొరకరు. బజ్జీలు మాత్రం ఇంకా ఒకే పళ్లెంలో తినేవాళ్లం. దాన్ని విడదీయాలని ఎవరూ అనలేదు.

కొన్నేళ్ల తర్వాత పెనుకొండలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పమని ఆమెకు పిలుపొచ్చింది. వెళ్లే రోజు గది తాళం నా చేతిలో పెట్టింది. “ఇది మన గదే కదక్కా” అన్నాను. “ఏం నేర్చుకున్యావప్పా ఇన్నాళ్లూ? మనది అనొద్దు. నీది. తాళం ఒకరి దగ్గరే ఉండల్ల” అంది. పరీక్షలకు తన పేరు వాడుకోమని కూడా చెప్పింది. “నేనైతే ఎవురితోనైనా గొడవపడతా” అంది. ఇప్పుడు మా ఇంట్లో తువ్వాళ్లకు ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మేకు ఉంది. నా భార్య వాటిని చూపించి చుట్టాలకు నా ఉద్యోగం ఏమిటో వివరిస్తుంటుంది.

ఈరోజు గేటు తెరిచాక ఆ ఆటో మార్కెట్ వైపు తిరిగింది. నేనూ అటే తిరిగాను. అది వచ్చి మా మెట్ల ముందే ఆగింది. బస్తాలు కిందికి, నేను పైకి. రాత్రి సైటులో చిన్న మార్పు చేశాం కాబట్టి పొద్దున్నే అలవాటు ప్రకారం రెండు ఫోన్లు తీశాను. ఒకదాంట్లో నా పేరుతో, ఇంకోదాంట్లో వనజక్క పేరుతో లోపలికి వెళ్లాను. ఆమె గుట్టలో ఒక వంకాయరంగు చీర పెట్టాను. నా గుట్ట చూశాను. ఖాళీ. బాగుంది. తీసేద్దామని ఆమె గుట్ట వైపు తిరిగేసరికి, నేను ముట్టుకోకుండానే, ఆ చీర నా కళ్ల ముందే మాయమైంది.

ఆ రోజు సుశీలమ్మకు ఎలా ఉండి ఉంటుందో నాకప్పుడు అర్థమైంది. మళ్లీ ఎవరి మూట ఎవరి చేతిలో పడిందో అని చాంద్‌ను పిలవబోతుంటే ఫోన్ మోగింది.

“ఎవురప్పా నా గుట్టలో వంకాయరంగు పెట్టింది?”

“నేనేక్కా, పరీక్షకు.”

“ఈడ మా కాలేజీ పాప పెండ్లికి చీర చూస్తాండా. నా పేరు మీద చూస్తే నాకు కనపడదా? తీసేసినా. ఇంగేదన్నా మంచి రంగు పెట్టు.” తర్వాత ఊపిరి కూడా తీసుకోకుండా, పోయిన వానల్లో ఎక్కడో తెగిపోయిన ఫోన్ మాటను అందుకుంది: “అయితే ఆ మెట్ల కాడ పైపు కారేది ఆగిందా లేదా?”

ఆగలేదని చెప్పాను. ఎందుకు ఆగలేదో, ప్లంబర్ ఏమన్నాడో, గోడౌన్ ఆయన ఏమన్నాడో ఆమె ఒక్కొక్కటే అడుగుతుంటే రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నా గుట్ట ఖాళీగా ఉంది. ఆమె గుట్టా ఖాళీగా ఉంది. రెండు ఖాళీలూ వేర్వేరుగా ఉన్నాయి.